అంబాసిడర్ ఏసీలో గాలి రావడం లేదా? విజయవాడ ఆటోనగర్‌లో నేను చేయించిన పని గురించి

మాది 1800 ఐఎస్‌జెడ్ అంబాసిడర్, డాష్ కింద ఏసీ యూనిట్ బిగించిన బండి. గ్రిల్‌కి ఆనించి చెయ్యి పెడితే చల్లగానే ఉంటుంది, కానీ ఆ చల్లదనం గేర్ రాడ్ దాటి వెనక్కి వస్తే ఒట్టు. బ్లోవర్ (గాలి తోసే ఫ్యాను) ఫుల్‌లో పెట్టినా వెనక సీట్లో అమ్మకి విసనకర్రే గతి. ఇదివరకు ఏ షాపుకి తీసుకెళ్ళినా ఒకటే పాట, గ్యాస్ తగ్గింది సార్ అని. గ్యాస్ కొట్టడం, డబ్బులు తీసుకోవడం, పంపించెయ్యడం. ఒక చోటైతే బ్లోవర్ మోటార్ కూడా కొత్తది వేశారు, గాలి ఇంకా తగ్గింది!

ఈ ఆటోనగర్ షాపుకి బోర్డు కూడా లేదు, రేడియేటర్లు చేసే వరసలో ఒక చిన్న రేకుల షెడ్డు. అక్కడి పెద్దాయన్ని అందరూ బాబాయ్ అనే పిలుస్తారు. ఆయన గ్యాస్ గేజ్ జోలికే పోలేదు. "గాలి రాకపోతే గ్యాస్ ఏం చేస్తుంది సార్" అని వోల్టులు కొలిచే మల్టీమీటర్ తీశాడు. ఇంజన్ ఆన్‌లో ఉండగా బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు, బ్లోవర్ ప్లగ్ దగ్గర 9.7. మిగతా నాలుగు వోల్టులు ఎటు పోయినట్టు? ఇగ్నిషన్ స్విచ్, ఫ్యూజు, బ్లోవర్ స్విచ్, సన్నటి పాత వైరు, తుప్పు పట్టిన ఎర్త్ (కరెంటు బండి బాడీకి తిరిగి వెళ్ళే చోటు), తలా కాస్త తినేస్తున్నాయి. బ్లోవర్ స్విచ్ వెనక ప్లాస్టిక్ గోధుమ రంగుకి మాడిపోయి ఉంది, ముట్టుకుంటే చురుక్కుమంది.

దానికి ఆయన చేసింది ఇదీ. బ్యాటరీ నుంచి లావు వైరు నేరుగా లాగి, నాలుగు పిన్నుల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్) మీదుగా మోటార్‌కి ఇచ్చాడు. పాత స్విచ్‌లోని ఫుల్ స్పీడ్ వైరు ఇప్పుడు రిలేని ఆన్ చెయ్యడానికి మాత్రమే, అసలు కరెంటు దాని గుండా పోదు. కింది స్పీడ్‌లు ఎప్పటిలాగే కరెంటుని తగ్గించే రెసిస్టర్ మీద నడుస్తాయి. బ్యాటరీ పక్కనే విడిగా ఫ్యూజు పెట్టాడు (ఇది లేకుండా ఎవరైనా వైరు లాగితే ఒప్పుకోకండి, ఎక్కడైనా రాసుకుపోయి బాడీకి తగిలితే బండే అంటుకుంటుంది). ఎర్త్ దగ్గర పెయింట్ గీకి కొత్త వైరు బిగించాడు. మళ్ళీ కొలిస్తే 13.2.

గాలి పెరిగింది గానీ ఆయనకి తృప్తి కలగలేదు, ఇంకా రావాలి అని బాక్స్ విప్పాడు. చూస్తే బ్లోవర్ చక్రం ఉల్టా తిరుగుతోంది! కొత్త మోటార్ వేసినప్పుడు ప్లస్, మైనస్ తారుమారు చేశారన్నమాట. ఈ రకం చక్రం ఎటు తిరిగినా గాలి ముందుకే వస్తుంది, కాకపోతే రెక్కల వంపుకి ఎదురు తిరిగితే బాగా తక్కువ వస్తుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. ఇక కూలింగ్ కాయిల్ ముఖం నిండా దుమ్ము, వెంట్రుకలు కలిసి దుప్పటిలా అతుక్కుని ఉన్నాయి. ఈ బళ్ళలో క్యాబిన్ ఫిల్టర్ ఉండదు కదా. కాయిల్ బయటికి తీసి కడిగి, కొత్త ఓ రింగులు వేసి బిగించాడు. కాయిల్ విప్పితే గ్యాస్ ఎలాగూ మళ్ళీ ఎక్కించాలి, ఆ ఖర్చు నాకు న్యాయంగానే అనిపించింది.

మీ బండిలో మొదట గాలి బాగా వచ్చి, అరగంట పోయాక తగ్గి, కాసేపు ఏసీ ఆపితే మళ్ళీ వస్తుంటే మాత్రం కథ వేరు. కాయిల్ మీద ఐసు కడుతున్నట్టు, ముందు థర్మోస్టాట్ (కాయిల్ మరీ చల్లబడకుండా ఆపేది) చూపించుకోండి, రిలే వేసినా లాభం ఉండదు.

ఇప్పుడు గాలి వెనక సీటు దాకా వస్తోంది. మే నెల మధ్యాహ్నం బెజవాడ ఎండలో ఆ రేకు టాపు కింద ఐసులా ఉంటుందని చెప్పను, కానీ చెమట ఆరుతుంది. మోటార్ సౌండ్ మాత్రం పెరిగింది, పాటలు కాస్త గట్టిగా పెట్టుకోవాలి.

ఇక తిట్టాల్సినవి. పొద్దున్నే రమ్మని మధ్యాహ్నం దాకా బండి ముట్టుకోలేదు. బిల్లు అడిగితే సిగరెట్ పెట్టె అట్ట మీద రాసిచ్చాడు. డాష్ కింద ఒక స్క్రూ బిగించడం మర్చిపోయారు, గతుకుల్లో టకటకమంటుంటే ఇంటికొచ్చాక నేనే బిగించుకున్నాను. అయిదుకి నాలుగు ఇస్తున్నా. వెళ్తే బండి అక్కడ వదిలేసి రాకండి, పక్కనే నిలబడండి, మీటర్ చూపించమంటే విసుక్కోకుండా చూపిస్తాడు.