50/34 కాంపాక్ట్: బీచ్ రోడ్డుకీ అనంతగిరి ఘాట్‌కీ ఒకే బండి

రోడ్ బైక్ కొనేటప్పుడు ఫ్రేమ్ కార్బనా, అల్యూమినియమా అని నెలల తరబడి బుర్ర బద్దలు కొట్టుకుంటాం. ముందు చైన్‌రింగ్‌కి (పెడళ్ల దగ్గరి పళ్ల చక్రానికి) ఎన్ని పళ్లున్నాయో మాత్రం మొదటి ఘాట్ ఎక్కేదాకా పట్టించుకోం. విశాఖ చుట్టుపక్కల తొక్కేవాళ్లయితే ముందు పళ్లే చూసుకోవాలి.

నా బండి ముందు 52/36తో, అంటే 52, 36 పళ్ల రెండు రింగులతో, వెనక 11-28 క్యాసెట్‌తో, అంటే 11 నుంచి 28 పళ్ల దాకా ఉండే చక్రాల గుత్తితో వచ్చింది. ఏడాది పైనే అలాగే తొక్కాను. తర్వాత ముందు 50/34 (దీన్నే కాంపాక్ట్ అంటారు), వెనక 11-34 వేయించి నాలుగేళ్లు దాటింది. మళ్లీ వెనక్కి వెళ్లే ఆలోచన లేదు, ఒక్క చిన్న లోటు తప్ప. దాని సంగతి తర్వాత.

లెక్క సులువే. ముందు పళ్లను వెనక పళ్లతో భాగిస్తే, పెడల్ ఒక చుట్టుకి చక్రం ఎన్ని చుట్లు తిరుగుతుందో తెలుస్తుంది. 36/28 అంటే 1.29. 34/34 అంటే సరిగ్గా ఒకటి. 25 మి.మీ. టైరుతో చక్రం చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు. కాబట్టి నిమిషానికి 60 చుట్లు తొక్కితే 36/28 మీద గంటకు 9.7 కిలోమీటర్లు, 34/34 మీద 7.6 వస్తుంది. ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ మొదలయ్యాక నాలాంటివాడి వేగం ఆ ఏడూ ఎనిమిదీ మధ్యే. ఆ వేగంలో 36/28 మీద కాళ్లు నిమిషానికి 47 చుట్లే తిరుగుతాయి. ప్రతి చుట్టూ మోకాళ్ల మీద భారమే. ఇప్పుడు అదే ఎక్కుడు కూర్చునే తొక్కుతున్నాను, గాలికొండ వ్యూ పాయింట్ దగ్గర ఫొటో దిగే ఓపిక కూడా మిగులుతోంది.

"50 అయితే స్పీడ్ పోతుంది కదా?" అని అందరూ అడుగుతారు. నిమిషానికి 90 చుట్లు తొక్కితే 50/11 మీద గంటకు దాదాపు 52 కిలోమీటర్లు, 52/11 మీద దాదాపు 54. తేడా రెండే కిలోమీటర్లు, అదీ యాభై దాటాక! వేసవిలో దక్షిణపు గాలి వెనక నుంచి తోస్తున్నా, భీమిలి వైపు నాకు గేర్లు చాలకపోవడం అరుదు. తిరుగు ప్రయాణంలో ఎదురుగాలికి 50/23 మీద పాకుతూ వస్తుంటే 52 గురించి ఎవరికి గుర్తుంటుంది?

లోటంతా క్యాసెట్‌లో ఉంది. 11-28లో 11 నుంచి 15 దాకా ఒక్కో పన్నే పెరుగుతుంది. 11-34లో 11, 13, 15, 17 అని దూకుతుంది. గుంపులో గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే 15 మీద కాళ్లు గబగబా తిప్పాలి, 13కి వేస్తే బరువు. మధ్యలో 14 ఉంటే ఎంత హాయిగా ఉండేదో! ఘాట్ల జోలికి పోకుండా తెల్లారగట్ల గుంపుతో బీచ్ రోడ్డు మీద లాగించేవాళ్లయితే 52/36, 11-28 ఉంచేసుకోండి, నేనేమీ అనను.

ఇప్పటికే 52/36 ఉన్నవాళ్లు రింగులు కొనేముందు క్యాసెట్ ఒక్కటే మార్చి చూడండి. 36/34 అన్నా 34/32 అన్నా గేరు దాదాపు ఒకటే, 1.06. అయితే వెనక డిరైలర్ (చైన్‌ని ఒక చక్రం నుంచి ఇంకోదానికి మార్చే భాగం) ఒప్పుకోవాలి. షిమానో 105 ఆర్7000 డిరైలర్‌లో పొట్టి కేజ్ (చైన్‌ని బిగువుగా పట్టి ఉంచే కింది చేయి) 30 పళ్ల దాకానే, పొడుగు కేజ్ 34 దాకా తీసుకుంటుంది. చైన్ కూడా కొత్తది, కాస్త పొడుగుది పడుతుంది.

ఇంకో సంగతి. షిమానో హెచ్‌జి700 రకం 11-34ని 11 స్పీడ్ రోడ్ హబ్‌కి (వెనక చక్రం నడిమి భాగానికి) ఎక్కించేటప్పుడు వెనక 1.85 మి.మీ. స్పేసర్ (సన్నటి రింగు) వేయాలి. నాది బిగించిన షాపులో అది వేయలేదు. క్యాసెట్‌ని బిగించే లాక్‌రింగ్ గట్టిగానే ఉంది, క్యాసెట్ మాత్రం చేత్తో పట్టుకుంటే టకటకలాడింది. పాపం, బాక్సులో ఇచ్చిన స్పేసర్‌ని ఎందుకూ పనికిరాదనుకుని పక్కన పడేశారట.

ముందు రింగులు మార్చేటప్పుడు ముందు డిరైలర్‌ని కూడా కిందికి దించాలి. పెద్ద రింగ్ పళ్లకీ డిరైలర్ బయటి ప్లేటుకీ మధ్య 1 నుంచి 3 మి.మీ. సందు చాలు. నాలుగు చేతుల షిమానో క్రాంక్ (పెడళ్లూ రింగులూ బిగించే భాగం) అయితే రింగులు మారిస్తే సరిపోతుంది. పాత 53/39 అయిదు చేతుల, 130 మి.మీ. బోల్టు వృత్తం ఉన్న క్రాంక్‌కి 38 కన్నా చిన్న రింగు పట్టదు, క్రాంకే మార్చుకోవాలి. రింగులు జతగానే కొనండి. ఆర్7000లో 50 మీదా 34 మీదా ఎం.ఎస్. అనే గుర్తు ఉండాలి. 52/36 జతకైతే ఎం.టి. అని ఉంటుంది.