లీన్ తీసిన రెండు డికెన్స్ సినిమాలు: ఏది మేలు?

డికెన్స్ నవలల మీద వచ్చిన నలుపు తెలుపు సినిమాల గురించి ఎవరు మాట్లాడినా చివరికి డేవిడ్ లీన్ తీసిన రెండింటి దగ్గరే ఆగుతారు. 1946లో ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’, 1948లో ‘ఆలివర్ ట్విస్ట్’. ఛాయాగ్రహణం గై గ్రీన్, కళ జాన్ బ్రయన్, కూర్పు జాక్ హారిస్. రెండింటికీ వీళ్ళే. అలెక్ గిన్నెస్ రెండింటిలోనూ ఉన్నాడు. నిడివి కూడా ఇంచుమించు ఒకటే, రెండు గంటలకు రెండు నుంచి నాలుగు నిమిషాలు తక్కువ. మొదటిదానికి ఛాయాగ్రహణం, కళాదర్శకత్వం విభాగాల్లో రెండు ఆస్కార్లు వచ్చాయి. పెద్దపెద్ద విమర్శకులు కూడా దానికే పెద్దపీట వేస్తారు. నా ఓటు మాత్రం రెండోదానికే, అదీ ఒక పెద్ద మెలికతో.

ముందు ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’కు దక్కాల్సిన మర్యాద దక్కనివ్వాలి. నది ఒడ్డున, ఉరికొయ్యల పక్కనుంచి పిప్ అనే పిల్లాడు పరుగెత్తుకుంటూ వస్తాడు. తల్లిదండ్రుల సమాధి దగ్గర మోకరిల్లుతాడు. గాలికి కొమ్మలు కిర్రుమంటాయి, చెట్టు మొద్దు మనిషి ముఖంలా కనబడుతుంది. వాడు బెదిరి లేచి పరుగు తీస్తాడు. కెమెరా కూడా వాడితోపాటే పక్కకు తిరుగుతుంది. అంతే, సంకెళ్ళ ఖైదీ చేతుల్లో పడతాడు! ముందుగా హెచ్చరించే సంగీతం లేదు, ఖైదీని విడిగా చూపించే షాటూ లేదు. పిల్లాడికి ఎప్పుడు తెలిసిందో మనకూ అప్పుడే తెలుస్తుంది. ఎనభై ఏళ్ళ కిందటి ఈ దృశ్యానికి ఇవాళ్టికీ ఒళ్ళు ఝల్లుమంటుంది.

తర్వాత చాలాసేపు అదే పట్టు. ఖైదీకోసం తిండి దొంగిలించి పొగమంచులో పోతున్న పిప్‌ను దారిలో ఆవులు నిలదీస్తాయి, మాటలతోనే. మిస్ హావిషమ్ ఇల్లు సరేసరి. పగటి వెలుతురు చొరని గది, ఆగిపోయిన గడియారాలు, సాలెగూళ్ళు పట్టిన పెళ్ళి కేకు, వాటి మధ్య పెళ్ళిబట్టల్లోనే ముసలిదైపోయిన మార్టితా హంట్. ఆవిడ పెంచుకున్న చిన్న ఎస్టెల్లాగా జీన్ సిమన్స్ పిప్‌ను ఎంత అందంగా అవమానిస్తుందంటే, వాడు జీవితమంతా ఆ పిల్ల వెనక ఎందుకు తిరిగాడో వేరే చెప్పక్కర్లేదు.

చిక్కంతా పిప్ పెద్దవాడయ్యాకే. ఇరవై ఏళ్ళ కుర్రాడి వేషం వేసిన జాన్ మిల్స్‌కు అప్పటికి 38 ఏళ్ళు. వయసును మన్నించొచ్చు. కానీ చిన్న పిప్ భయాన్ని కళ్ళకు కట్టిన కెమెరాకు పెద్ద పిప్ సిగ్గును చూపించడం చేతకాలేదు. నవల నడిచేదే పిప్ గొంతులో. పెంచిన జోను చూసి తలదించుకున్న తన చిన్నతనాన్ని అతనే తర్వాత చురకలు వేసుకుంటూ చెబుతాడు. సినిమాలో జో లండన్ వచ్చినప్పుడు టోపీ ఎక్కడ పెట్టాలో తెలియక పడే అవస్థ బాగానే ఉంది. కానీ ఆ ఘట్టంలోనే పిప్ గొంతు వచ్చి, జెంటిల్మన్ కాబోయి డాబుసరి మనిషినయ్యానని విడమరిచి చెప్పేస్తుంది. అక్కడే దృశ్యం చప్పబడింది. ఎస్టెల్లా కూడా జీన్ సిమన్స్ నుంచి వాలెరీ హాబ్సన్‌గా మారేసరికి ఆ పొగరులోని కాటు పోయింది. రెండో సగంలో నిలబెట్టేవాళ్ళు పక్కపాత్రలే: పిప్ స్నేహితుడు హెర్బర్ట్‌గా గిన్నెస్, తిరిగొచ్చిన ఖైదీ మాగ్విచ్‌గా ఫిన్లే కర్రీ.

ముగింపులో పిప్ మిస్ హావిషమ్ ఇంటి తెరలు చింపి ఎండను లోపలికి రానిస్తాడు. నవలలో ఇది లేదు కాబట్టి తప్పని నేననను. డికెన్స్ కూడా మిత్రుడు బుల్వర్ లిటన్ మాట విని, ముందు రాసుకున్న ముగింపును మార్చినవాడే. కాకపోతే అప్పటిదాకా తడబడుతూ వచ్చిన పిప్ ఉన్నట్టుండి మన హీరోల్లా విజృంభించడం నాకు మింగుడుపడదు.

‘ఆలివర్ ట్విస్ట్’కు ఈ బాధ లేదు. ఆలివర్ పెద్దవాడు కాడు, పైగా చేసేదీ ఏమీ లేదు. నవలలో అదే లోపం, సినిమాకు అదే లాభం. పిల్లాడు చూస్తుంటాడు, లోకం చేస్తుంటుంది. పుస్తకంలో చాలా పేజీలు తిన్న మేలీ కుటుంబాన్ని లీన్ నిర్దాక్షిణ్యంగా ఎత్తేశాడు. ఇంగ్లీషు నాన్-డీటెయిల్డ్‌గా ఆ కథ చదివినవాళ్ళకు ఎంత హాయో! ఆరంభం కూడా పుస్తకంలో లేనిదే. తుపానులో నిండు గర్భిణి ఒకతె బీడు దాటుతూ దూరాన కనబడే దీపం వైపు నడుస్తుంటుంది. నొప్పి వచ్చినప్పుడల్లా తెరమీద ఒక ముళ్ళకొమ్మ వంగి బిగుసుకుంటుంది. ఒక్క మాట ఉండదు. ఈ ఆలోచన అప్పటి లీన్ భార్య, ఇందులో నాన్సీగా నటించిన కే వాల్ష్‌ది. పైన చెప్పిన తెరల ముగింపూ ఆవిడదే. ఒకే మనిషి ఒక సినిమాకు ఇంత గొప్ప మొదలు, ఇంకోదానికి అంత అనుమానపు చివర ఇచ్చింది.

నాన్సీని దొంగ బిల్ సైక్స్ చంపే చోట మనకు హత్య కనబడదు. బయటికి పారిపోవాలని తలుపును గోళ్ళతో రక్కుతున్న అతని కుక్క కనబడుతుంది. నెత్తురు చూపించి ఉంటే ఇంత భయం వేసేది కాదు. అక్కణ్ణుంచి జనం ఇంటి కప్పుల దాకా సైక్స్‌ను తరిమే చివరి ఘట్టం వరకు సినిమా ఎక్కడా ఊపిరి పీల్చుకోనివ్వదు.

ఇక మెలిక. పిల్లలకు దొంగతనం నేర్పే ఫాగిన్ వేషానికి గిన్నెస్ పెట్టుకున్న ముక్కు. నవలకు క్రూక్‌షాంక్ వేసిన బొమ్మలను పట్టుకుని చేసిన మేకప్ అది, యూదులను వెక్కిరించే పాత వ్యంగ్యచిత్రం ముమ్మూర్తులా. యుద్ధం ముగిసి మూడేళ్ళు, నాజీ శిబిరాల్లో ఏం జరిగిందో ప్రపంచమంతా చూసేసింది. అప్పుడు ఆ ముఖం తెరమీదికి తెచ్చారు. 1949లో బెర్లిన్‌లో యూదులు నిరసనకు దిగి ప్రదర్శన ఆపించారు. అమెరికాలో 1951 దాకా విడుదలే కాలేదు. బొమ్మలకు నమ్మకంగా ఉన్నామన్న సాకు నిలవదు, ఎందుకంటే డికెన్సే ఒక యూదు మహిళ ఉత్తరంతో కదిలి, తర్వాతి ముద్రణలో ఫాగిన్‌ను ‘యూదుడు’ అనే చోట్లు బోలెడు తీసేశాడు. రచయిత నేర్చుకున్నదాన్ని ఎనభై ఏళ్ళ తర్వాత దర్శకుడు మరిచిపోయాడు. విచిత్రమేమిటంటే ఆ ముక్కు వెనక గిన్నెస్ నటన అద్భుతం: లాలన, లోభం, ముసలితనపు భయం అన్నీ ఉన్నాయి. (1984లో ‘ఎ పాసేజ్ టు ఇండియా’లో ఇదే లీన్ ఇదే గిన్నెస్‌కు రంగు పూసి మన గోడ్‌బోలే పంతులుగా చూపించాడు. అలవాటు పోలేదు.)

అందుకని, మొత్తం సినిమాగా ‘ఆలివర్ ట్విస్ట్’దే పైచేయి. కానీ పదేళ్ళ పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుంటే ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ పెట్టండి. ఖైదీకి భయపడినా తట్టుకుంటారు, ఫాగిన్ ముక్కు గురించి అడిగితే మాత్రం సినిమా ఆపి కూర్చుని చెప్పాల్సి వస్తుంది. ఇంకో జాగ్రత్త. ‘ఆలివర్ ట్విస్ట్’ పెట్టేముందు నిడివి చూసుకోండి. 116 నిమిషాలకు బాగా తక్కువుంటే అది అమెరికాలో కోతపడిన ప్రతి కావచ్చు. ఫాగిన్ ముఖాన్ని పక్కనుంచి చూపించే షాట్లు అందులో తీసేశారు. వాటితోపాటు గిన్నెస్ నటన కూడా కొంత పోయింది, ముక్కు మాత్రం అక్కడే ఉంది.