మాయ కిందికి ఉందన్నప్పుడు మేం వెళ్లిన గవర్నమెంట్ మాతా శిశు ఆసుపత్రి

మా చెల్లికి ప్లాసెంటా ప్రీవియా, అంటే మాయ గర్భసంచి ముఖద్వారాన్ని కప్పేసి ఉంది. ఐదో నెలలో చేసే టిఫా స్కాన్‌లో కిందికి ఉందని రాసినా చాలామందికి నెలలు పెరిగేకొద్దీ పైకి జరుగుతుంది, అప్పుడే టెన్షన్ వద్దు. తనకి మాత్రం 32 వారాల స్కాన్‌లోనూ అలాగే ఉంది, పైగా మొదటి కాన్పు సిజేరియన్.

ఒక రాత్రి నొప్పి ఏమీ లేకుండా ఎర్రగా బ్లీడింగ్ మొదలైంది. ముందు దగ్గర్లోని ఒక ప్రైవేట్ నర్సింగ్ హోమ్‌కి వెళ్తే, రిపోర్టు చూడకుండానే లోపల చెయ్యి పెట్టి చూస్తామన్నారు, అమ్మ అడ్డుపడింది. ఈ సమస్య ఉన్నవాళ్లకి అలా చేస్తే రక్తం ఆగకుండా పోవచ్చు, దయచేసి మీరూ ఒప్పుకోకండి. ఇంతా చేసి అక్కడ బ్లడ్ బ్యాంకే లేదు.

అక్కడి నుంచి వెళ్లిన జిల్లా మాతా శిశు ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరమ్మ మొదట అడిగింది స్కాన్ రిపోర్టు. సెలైన్ పెట్టి, రక్తం సిద్ధం చేయించి, బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. బ్లీడింగ్ ఆగినా ఇంటికి పంపలేదు, అందుకు వాళ్లకి దండం పెట్టాలి. 37వ వారంలో పగటిపూట, మత్తు డాక్టర్, పిల్లల డాక్టర్ పక్కనే ఉండగా ఆపరేషన్ చేశారు. రక్తం ఎక్కించాల్సి వచ్చింది కానీ గర్భసంచి తీసే పరిస్థితి రాలేదు. బాబుకి ఊపిరి కాస్త కష్టమై నవజాత శిశువుల యూనిట్‌లో ఉంచారు, ఈ పిల్లలకి అసలు ముప్పు నెలలు నిండకముందే పుట్టాల్సి రావడమే కదా. పాలు పిండి ఎలా పట్టాలో నర్సులు ఓపిగ్గా నేర్పారు, ఇప్పుడు బాబు బాగున్నాడు.

బాత్రూంలు బాలేవు, తోడు వచ్చినవాళ్లకి పడుకునే చోటు లేదు, వీటికి మార్కులు తగ్గించాల్సిందే. ఏసీ గదులు కావాలంటే ఇక్కడ దొరకవు, కానీ ఇలాంటి కేసుకి అర్ధరాత్రి రక్తం, మత్తు డాక్టర్, పసిబిడ్డల యూనిట్ ఉన్న చోటే కావాలి.

డిశ్చార్జ్ రోజు డాక్టరమ్మ చెల్లినీ మరిదినీ కూర్చోబెట్టి మాట్లాడారు. ప్రీవియా ఉన్నవాళ్లలో మాయ గర్భసంచి గోడలోకి చొచ్చుకుపోయే ప్రమాదం, ముందు ఒక సిజేరియన్ అయి ఉంటే నూటికి 11 మందికి, రెండు అయి ఉంటే 40 మందికి ఉంటుందట. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన తెలంగాణలో నూటికి 60 కాన్పులు సిజేరియన్లే, కాబట్టి ఇది మా ఇంటి సంగతి మాత్రమే కాదు. మూడో కాన్పు ఆలోచనే పెట్టుకోవద్దని ఆవిడ చెప్తే మరిది సరేనన్నాడు.