అనంతపురంలో డూప్లికేట్ ఆయిల్ ఫిల్టర్లు: ఇంట్లో ఆయిల్ మార్చుకునేవారికి హెచ్చరిక

ఇంట్లోనే కారు ఇంజన్ ఆయిల్ మార్చుకునే అలవాటున్న అనంతపురం వాసులు ఇకమీదట ఆయిల్ ఫిల్టరు కొనేటప్పుడు ఒకటికి రెండుసార్లు చూసి తీసుకోవలసిందిగా కోరుతున్నాను. కార్ల కంపెనీ పేరుతో, అచ్చం దాని పెట్టెలాంటి పెట్టెలో, హోలోగ్రాం బిళ్లతో సహా డూప్లికేట్ ఫిల్టర్లు మన ఊళ్లో అమ్ముడవుతున్నాయి. నేను జతగా కొన్న రెండూ అటువంటివే. దుకాణం పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే ఫిర్యాదు ఇంకా నడుస్తోంది; పైగా ఈ సరుకు ఆ ఒక్క కొట్టుకే వచ్చి ఉంటుందని అనుకోవడానికి ఆధారమేమీ లేదు.

మాది 1.2 లీటర్ల పెట్రోలు బండి. పదివేల కిలోమీటర్లు తిరిగినా, ఏడాది గడిచినా, ఏది ముందైతే అప్పుడు ఆయిలూ ఫిల్టరూ మార్చాలని మాన్యువల్ చెబుతుంది. వేరుశనగ చేల మధ్య మట్టి రోడ్ల మీద తరచుగా తిరిగే బండి కనుక నేను ఆ గడువు దాకా ఆగను. ఈసారీ పని ఎప్పటి పద్ధతిలోనే సాగింది. ఇంజన్ కాస్త వెచ్చబడ్డాక పాత ఆయిల్ దించి, డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషరు వేసి, పాత ఫిల్టరు తాలూకు రబ్బరు రింగు ఇంజనుకే అతుక్కుపోలేదని వేలితో తడిమి చూసి, కొత్త రింగుకు తాజా ఆయిల్ రాసి, అది ఆనిన తర్వాత చేత్తో ముప్పావు చుట్టు బిగించాను. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం రెండు గుర్తుల మధ్య సరిగ్గా ఉంది. బండి నిలిపే చోట పరిచిన కడప బండల మీద ఒక్క చుక్క కూడా పడలేదు.

మరునాటి ఉదయం బండి స్టార్ట్ చేయగానే ఆయిల్ బొమ్మ ఉండే ఎర్ర దీపం వెంటనే ఆరలేదు, ఇంజన్ పైభాగం నుంచి గరగరమని ఇనుప చప్పుడు కూడా మొదలైంది. కొన్ని సెకన్లకు దీపమూ ఆరింది, చప్పుడూ ఆగింది. పగలు ఎన్నిసార్లు స్టార్ట్ చేసినా ఆ జాడ లేదు; రాత్రంతా నిలిపి ఉంచిన తర్వాత మాత్రం మళ్లీ అదే వరస. ఆ ఎర్ర దీపం చెప్పేది ఆయిల్ మట్టం గురించి కాదు, ఆయిల్ ఒత్తిడి గురించి. డిప్‌స్టిక్ మీద మట్టం నిండుగా ఉంది కదా అని దాన్ని పట్టించుకోకుండా నడిపేవాళ్లు చాలామంది ఉన్నారు, అందుకే ప్రత్యేకంగా చెబుతున్నాను.

దుకాణదారును అడిగితే, "మా ఫిల్టరు ఒరిజినలే సార్, నాది గ్యారంటీ. మీరు పోసిన ఆయిలే తేడా అయ్యుంటాది" అన్నాడు. దారిలో బండి చూపిస్తే ఒక మెకానిక్, "బండి పాతదైంది సార్, టైమింగ్ చైన్ సౌండొస్తాంది, కిట్టు మార్చాల" అని వేలల్లో లెక్క చెప్పాడు. అతన్ని తప్పుపట్టలేను; ఇంజన్ వాల్వులను సరైన సమయానికి తెరిపించే ఆ చైను సాగినా ఉదయం పూట అలాంటి చప్పుడే వస్తుంది. లారీల పని చేసి చేయి తిరిగిన ఒక పెద్దాయన మాత్రం, "చైను సంగతి తర్వాత చూద్దాంలే నాయనా. ఆయిల్ ముట్టుకోకుండా ఫిల్టరొక్కటి మార్చి చూడు" అన్నాడు. ఈ మాటలో ఉన్న తర్కం నాకు బాగా నచ్చింది. రెండూ ఒకేసారి మార్చేస్తే చప్పుడు పోవచ్చు గాని, దోషం ఆయిల్‌దో ఫిల్టరుదో ఎప్పటికీ తేలదు. కంపెనీ అధీకృత సర్వీసు కేంద్రం కౌంటరులో బిల్లుతో ఫిల్టరు కొని, విప్పినప్పుడు కారిపోయినంత ఆయిల్ మాత్రం తిరిగి పోశాను. మరుసటి ఉదయం దీపం వెంటనే ఆరింది, చప్పుడు వినబడలేదు, ఆ తర్వాతా రాలేదు.

తీసేసిన ఫిల్టరును అంచు వెంబడి రంపపు బ్లేడుతో కోసి, సర్వీసులో ఇంతకుముందు తీసిన పాత ఒరిజినల్ ఫిల్టరును కూడా అలాగే కోసి పక్కపక్కన పెట్టాను. ఒరిజినల్ దానిలో కాగితం మడతలు పంచె కుచ్చిళ్లలా ఒక్క తీరున, దట్టంగా ఉన్నాయి. రెండో దానిలో మడతలు పలచగా, కొన్ని ఒకదానికొకటి అతుక్కొని, ఒకచోట వేలు దూరేంత ఖాళీతో ఉన్నాయి. మడత చివరలు కలిసే అతుకు దగ్గర జిగురు వదిలి చీలిక కనిపించింది. ఆ చీలికలోంచి ఆయిల్ వడకట్టబడకుండానే వెళ్లిపోతుంది. అంటే ఫిల్టరు పేరుకు ఉన్నట్టే.

ఉదయపు చప్పుడుకు కారణం మాత్రం కాగితం కాదు, లోపలి రబ్బరు పొర. ఫిల్టరు అడుగున అంచు చుట్టూ ఉండే చిన్న రంధ్రాల గుండా ఆయిల్ లోపలికి వెళ్లి, కాగితం దాటి, మధ్యలో మరలున్న పెద్ద రంధ్రం గుండా ఇంజనుకు తిరిగి వస్తుంది. ఆ చిన్న రంధ్రాలను లోపలి నుంచి ఒక మెత్తని రబ్బరు పొర కప్పి ఉంచుతుంది. ఇంజన్ ఆపిన తర్వాత ఫిల్టరులోని ఆయిల్ వెనక్కి జారి ఇంజన్ అడుగుకు చేరకుండా ఆపడమే దాని పని. నా డూప్లికేట్ ఫిల్టరులో ఆ పొర రబ్బరులా వంగకుండా బిరుసుగా ఉంది, ఒక పక్క లేచిపోయి ఉంది. మా ఇంజనులో ఫిల్టరు అడ్డంగా బిగించి ఉంటుంది కనుక రాత్రికి రాత్రి ఆయిల్ కారిపోయి, ఉదయం పంపు ముందు ఖాళీ ఫిల్టరును నింపి, ఆ తర్వాతే పై భాగాలకు ఆయిల్ అందించవలసి వచ్చింది. ఆ కొన్ని సెకన్లూ ఇనుము ఇనుముతో రాసుకున్నట్టే. ఫిల్టరు నోరు పైకి ఉండేలా నిలువుగా బిగించే బండ్లలో ఈ లోపం చప్పుడుగా బయటపడదు. అందువల్ల చప్పుడు లేదు కాబట్టి ఫిల్టరు మంచిదే అనుకోవడానికి వీల్లేదు.

బైపాస్ వాల్వు గురించి కూడా ఒక మాట చెప్పాలి. కాగితం మురికితో మూసుకుపోయినప్పుడు, ఇంజనుకు అసలు ఆయిలే అందకపోవడం కంటే వడకట్టని ఆయిల్ అందడం నయమనే ఉద్దేశంతో స్ప్రింగుతో కూడిన చిన్న తలుపు ఒకటి ఫిల్టరులో పెడతారు. నా దానిలో ఆ స్ప్రింగు చిటికెన వేలితో నొక్కితేనే లొంగిపోయింది. అంత బలహీనమైన స్ప్రింగు మామూలు ఒత్తిడికే తెరుచుకుంటుంది, అప్పుడు కాగితం ఎంత బాగున్నా ఉపయోగం లేదు.

కొనేముందు ఇంత కోసి చూడలేము గాని, కౌంటరు దగ్గరే గమనించగలిగినవి కొన్ని ఉన్నాయి. పెట్టె తెరిపించి, పెట్టె మీద ముద్రించిన పార్టు నంబరూ ఫిల్టరు డబ్బా మీది నంబరూ ఒకటేనా చూడండి. నాకిచ్చిన వాటిలో చివరి అక్షరం తేడాగా ఉంది. చిన్న రంధ్రాల్లోంచి తొంగి చూస్తే రబ్బరు పొర కనిపించాలి, మొద్దు పుల్లతో మెల్లగా నొక్కితే వంగి మళ్లీ యథాస్థానానికి రావాలి. మరల్లో ఇనుప రజను ఉంటే దాన్ని తీసుకోనే వద్దు, ఆ రజను మొట్టమొదట చేరేది బేరింగుల్లోకే. హోలోగ్రాం బిళ్లను మాత్రం నమ్ముకోకండి. ధర ఇరవై ముప్ఫై రూపాయలు తగ్గించి ఇస్తున్నారంటే సంతోషించడం కంటే అనుమానించడం మంచిదని నా అభిప్రాయం. అసలే తక్కువ ధర వస్తువు మీద అంత తగ్గింపు ఎక్కడి నుంచి వస్తుంది?

ఆయిల్ డబ్బాల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. మూత కింది రింగు తెగకుండా ఉండాలి, రేకు సీలు ఉండే రకమైతే అది అంచు చుట్టూ సమంగా అంటుకొని ఉండాలి, బ్యాచి నంబరు, తయారీ నెల, గరిష్ఠ చిల్లర ధర చెరిగిపోకుండా కనిపించాలి. రంగు చూసి, వాసన చూసి మంచి ఆయిల్‌ను గుర్తుపట్టవచ్చని చెప్పేవారి మాట వినకండి. వడకట్టి రంగు కలిపిన పాత ఆయిల్ కూడా బంగారు రంగులోనే మెరుస్తుంది. మరొక విన్నపం: వాడేసిన డబ్బాను పాత సామాను కొనేవాళ్లకు వేసేముందు కత్తితో అడ్డంగా కోసి, మూతను పగలగొట్టండి. చెక్కుచెదరని డబ్బాలకే ఈ డూప్లికేట్ వ్యాపారంలో విలువ. పాత ఆయిల్‌ను కాలువలో పోయవద్దు, చిరునామా లేనివాడికి అమ్మవద్దు. 2016 నాటి నిబంధనల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థాల కింద లెక్క. సర్వీసు కేంద్రంలో అడిగితే తీసుకునేవారు ఉంటారు.

ఇక బిల్లు సంగతి. నాకిచ్చిన కాగితం పైన "ఎస్టిమేట్" అని ఉంది తప్ప జీఎస్టీ నంబరు లేదు, అడుగున "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని అచ్చువేసి ఉంది. ఆ వాక్యానికి చట్టంలో విలువ లేదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం కూడా అనుచిత వ్యాపార పద్ధతే. లోపమున్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు చెప్పకపోతే 30 రోజుల్లోగా వాపసు తీసుకోవడానికి నిరాకరించడం కూడా అంతే. ముందుగా 1915 నంబరుకు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనుకు ఫోన్ చేసి నమోదు చేయించాను, పెట్టె ఫొటోలతో కార్ల కంపెనీకి కూడా రాశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మనం నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు, 5 లక్షల రూపాయల లోపు వ్యవహారాలకు రుసుము లేదు, సంఘటన జరిగిన రెండేళ్లలోగా వేయాలి.

కమిషన్ అవసరమనుకుంటే నమూనాను సీలు వేయించి ప్రయోగశాలకు పంపుతుంది. కోసి చూసిన ఫిల్టరు నా అనుమానం తీర్చింది గాని అలాంటి పరీక్షకు పనికి రాకపోవచ్చు. అందుకే జతలో రెండోదాన్ని ముట్టుకోకుండా, పెట్టెతోనూ ఎస్టిమేట్ చీటీతోనూ యూపీఐ చెల్లింపు రుజువుతోనూ కలిపి భద్రపరిచాను. మీలో ఎవరికైనా ఉదయం పూట ఎర్ర దీపం ఆలస్యంగా ఆరుతున్నట్టు అనిపిస్తే, బెంగళూరు హైవే ఎక్కే లోపే ఫిల్టరు మార్చి చూడండి. నడుస్తుండగా ఆ దీపం వెలిగితే మాత్రం బండి పక్కకు తీసి వెంటనే ఇంజన్ ఆపేయండి, తోయించుకొని వెళ్లవలసి వచ్చినా సరే మళ్లీ స్టార్ట్ చేయకండి.