కర్రపెండలం స్టార్చా, హెచ్‌పీఎంసీయా: మందు మెల్లగా వదిలే బిళ్లకు ఏది మేలు?

చెన్నైలో ఎం.ఫార్మసీ చదివే మన తెలుగు పిల్లలకు ప్రాజెక్టు మొదట్లోనే వచ్చే టెన్షన్ ఇది.

హెచ్‌పీఎంసీ అంటే సెల్యులోజ్‌ను రసాయనికంగా మార్చి చేసిన పొడి. నీళ్లు తగలగానే బిళ్ల చుట్టూ జెల్ పొర కడుతుంది, మందు అందులోంచి కొద్దికొద్దిగా బయటికొస్తుంది. చిక్కదనం గ్రేడ్‌ను బట్టి ముందే తెలుస్తుంది కాబట్టి కంపెనీలకు ఇదంటే నమ్మకం.

స్టార్చ్ అంత తేలిగ్గా లొంగదు. సేలం వైపు నుంచి వచ్చే కర్రపెండలం స్టార్చ్ చవకే. కానీ దాన్ని ఉన్నదున్నట్టు కలిపితే నీళ్లకు ఉబ్బి బిళ్లను విడగొడుతుంది. మామూలు బిళ్లల్లో వేసేదే అందుకు! ఉడికించి, ఆరబెట్టి పొడిచేస్తే జెల్ కట్టే గుణం వస్తుంది. క్రాస్‌లింక్ చేస్తే, అంటే దాని గొలుసులను ఒకదానికొకటి రసాయనికంగా ముడివేస్తే, ఇంకా నిలుస్తుంది. ఎమైలోజ్ (స్టార్చ్‌లో కొమ్మలు పెద్దగా లేని పొడవాటి గొలుసుల భాగం) కూడా ముఖ్యమే: కర్రపెండలంలో సుమారు 20 శాతం, హై ఎమైలోజ్ మొక్కజొన్నలో 50 శాతం పైనే. అది ఎక్కువుంటే జెల్ గట్టిగా ఉంటుంది.

నాకు స్టార్చ్‌లో బాగా నచ్చేది వేరే ఉంది. ఉడికించి చల్లార్చితే రాత్రి మిగిలిన అన్నంలా బిరుసెక్కుతుంది. అలా మారిన భాగం చిన్నపేగులో సరిగా అరగదు, పెద్దపేగులో బ్యాక్టీరియా దాన్ని విడగొడతాయి. మందు పెద్దపేగుకే చేరాలంటే నా ఓటు స్టార్చ్‌కే. మామూలు ఎస్‌ఆర్ (మందు మెల్లగా వదిలే) బిళ్లకైతే హెచ్‌పీఎంసీకే.

స్టార్చ్ ఎంచుకుంటే డిసొల్యూషన్ పరీక్షను (బిళ్లలోంచి మందు ఎంత వేగంగా కరిగి వస్తుందో చూసేది) ఉత్త బఫర్‌తో (పీహెచ్ నిలకడగా ఉండే ద్రావణంతో) సరిపెట్టకండి, స్టార్చ్‌ను అరిగించే ఎమైలేజ్ అనే ఎంజైమ్ కలిపి కూడా చూడండి. పేగులో ఆ ఎంజైమ్ ఉంటుంది, బీకరులో ఉండదు.