ఆరేళ్ళు, మూడు బళ్ళు: నెల్లూరు, ఒంగోలు రోడ్ల మీద టైర్లూ హెల్మెట్లూ ఎలా నిలిచాయంటే

ఒక చిన్న కారు, ఒక 150 సీసీ బైకు, ఒక స్కూటరు. ఆరేళ్ళుగా నెల్లూరు నుంచి ఒంగోలు దాకా హైవే మీద, ఇటు పొదలకూరు, ఆత్మకూరు, అటు చీమకుర్తి, కనిగిరి రోడ్ల మీద వాడిన లెక్క ఇది. కారు టైర్లు 165/80 ఆర్14, అంటే వెడల్పు 165 మి.మీ., పక్కగోడ ఎత్తు అందులో 80 శాతం, రిమ్ము 14 అంగుళాలు. బైకుకి ముందు 80/100-17, వెనక 100/90-17. స్కూటరుకి ముందు 90/90-12, వెనక 90/100-10. మన వైపు రోజూ కనిపించే సైజులే.

కారు మొదటి సెట్టు 43 వేల కిలోమీటర్లు వచ్చింది. బైకు వెనక టైరు 19 వేలు, ముందుది 34 వేలు. స్కూటరు వెనక టైరు 14 వేలకే నున్నబడింది. పది అంగుళాల చక్రం అదే దూరానికి ఎక్కువ చుట్లు తిరగాలి, పైగా ఇంజనూ మనుషులూ అంతా దాని నెత్తినే కూర్చుంటారు కాబట్టి అందులో వింతేం లేదు. ఏ కంపెనీ మంచిదని ప్రతివాళ్ళూ అడుగుతారు. మూడు కంపెనీలు మార్చి చూశాక తేలింది ఒక్కటే: ఒకే సైజు, ఒకే తరగతి టైర్లలో కంపెనీ పేరు తెచ్చే తేడా కన్నా గాలి తెచ్చే తేడా పెద్దది. కాబట్టి ముందు గాలి సంగతే.

ఏప్రిల్ వచ్చిందంటే పంక్చర్ షాపులో వినపడే మాట: "ఎండలు గదా సార్, రెండు తగ్గించి కొడుతున్నా." ప్రేమతోనే అంటారు, కానీ తప్పు. గాలి తగ్గితే టైరు పక్కగోడ ప్రతి చుట్టుకీ ఎక్కువ వంగుతుంది. వంగిన కొద్దీ లోపల వేడి పుడుతుంది. మే నెలలో, నిండా మనుషులతో, వంద వేగంతో గంట సేపు పోతే ఆ వేడికే పక్కగోడ లోపలి దారాలు రబ్బరు నుంచి విడిపోతాయి. హైవేలో టైరు పేలడానికి ఎండ ఒక సాకు, అసలు దోషి తక్కువ గాలి.

లెక్క చూడండి. పొద్దున ఆరింటికి, బండి కదలకముందు, 32 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత, షాపుల్లో పాయింట్లు అనేది దీన్నే) పెట్టారనుకోండి. కావలి దాటి మధ్యాహ్నం బంకులో ఆపి చూస్తే మీటరు 36, 37 చూపిస్తుంది. టైరు లోపలి గాలి వేడెక్కింది కాబట్టి పెరిగింది, అంతే. కంపెనీ వాళ్ళు స్టిక్కరు మీద వేసిన అంకె ఈ పెరుగుదలను లెక్కలో పెట్టుకుని వేసిన చల్లటి టైరు అంకె. అయ్యో ఎక్కువైందని అక్కడే 32కి దించారంటే, మర్నాడు తెల్లారి చల్లబడ్డాక అది 27 దగ్గర ఉంటుంది. అంటే మీ చేత్తో మీరే టైరుని ప్రమాదంలో పెట్టారు.

కారుకి ఎంత పెట్టాలన్నది డ్రైవరు తలుపు తీస్తే స్తంభం మీద అంటించి ఉంటుంది, బైకుకి చైను కవరు మీదో మాన్యువల్లోనో ఉంటుంది. ఒక్కరికి ఒక అంకె, ఇద్దరికి ఒక అంకె. వెనక మనిషితో పాటు ఎరువు బస్తా కూడా ఎక్కించే బళ్ళకి ఒక్కరి అంకె గాలి పెట్టి తోలితే వెనక టైరు రెండు అంచులూ అరిగి మధ్యలో బటన్లు (రోడ్డుకి ఆనే రబ్బరు దిమ్మలు) అలాగే ఉంటాయి. అతిగా కొడితే దానికి తలకిందులు, మధ్యలో గాడి పోతుంది. అయిదారు వందలు పెట్టి ఒక గేజి కొనుక్కుని, పదిహేను రోజులకోసారి పొద్దున్నే ఇంట్లోనే చూసుకోవడం అన్నిటికన్నా లాభం తెచ్చిన ఖర్చు. షాపుల మీటర్లు రెండు మూడు పాయింట్లు అటూ ఇటూ చూపించడం మామూలు. నైట్రోజన్ కొట్టించడం వల్ల చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనపడలేదు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. డబ్బులివ్వకుండా కొడితే కొట్టించుకోండి.

రెండో శత్రువు కంప ముల్లు. సర్కారు తుమ్మ లేని ఊరు మన రెండు జిల్లాల్లో వెతకాలి. చెరువు కట్టల మీద, రోడ్డు మార్జిన్లలో కంప కొట్టిన వారం రోజులు బైకులకి గండమే. ట్యూబు టైరయితే ముల్లు దిగగానే బండి ఈడ్చుకుంటూ పోవాలి. ట్యూబ్‌లెస్ అయితే ముల్లే బిరడాలాగా నిలబడి గాలి రోజుకి రెండు మూడు పాయింట్లే దిగుతుంది. అలాయ్ చక్రాలున్న బండికి మళ్ళీ ట్యూబు వేయించడం తెలివితక్కువ పని. మామూలు చువ్వల చక్రానికి మాత్రం చువ్వల బెజ్జాల్లోంచి గాలి పోతుంది కాబట్టి ట్యూబు తప్పదు.

ట్యూబు మార్చేటప్పుడు ఒక్క పని దగ్గరుండి చేయించండి. టైరు లోపల పాత బనీను గుడ్డ ఒకటి తిప్పించండి. ముల్లు బయట విరిగిపోయి మొన మాత్రం రబ్బరులో ఉండిపోతుంది, బియ్యపు గింజలో సగం కూడా ఉండదు, కంటికి ఆనదు. గుడ్డకి పట్టుకుంటుంది. చేత్తో తడిమితే వేలికి దిగుతుంది. ఇది చూడకుండా కొత్త ట్యూబు వేస్తే రెండు కిలోమీటర్లలో మళ్ళీ పంక్చరే, తిట్టు మాత్రం ట్యూబు కంపెనీకి.

ట్యూబ్‌లెస్ టైరులో కనపడిన ప్రతి ముల్లునీ ఇంటి దగ్గర పట్టకారుతో లాగెయ్యకండి. సగం పైగా ముళ్ళు బటన్ల మందంలోనే ఆగిపోయి ఉంటాయి. సబ్బు నీళ్ళు రాసి బుడగ వస్తేనే అది దారి చేసుకున్నట్టు. ఇంకో మాట: ముల్లు చేసిన బెజ్జం సూది మొనంత. దానిలో తాడు ప్లగ్గు పెట్టడానికి ఆకురాయి సూది దూర్చి తిప్పితే అది అయిదు మిల్లీమీటర్ల కంత అవుతుంది. మేకు దిగితే తాడు ప్లగ్గు సరే. ముల్లుకి, తీరిక ఉంటే, టైరు విప్పించి లోపలి నుంచి ప్యాచ్ వేయించడం మేలు. పక్కగోడలో దిగితే దేనితోనూ అతికించకూడదు, టైరు మార్చడమే.

బెజ్జాల్ని లోపలి నుంచి పూడ్చే సీలెంట్ ద్రవం పోయించాలా? స్కూటరుకీ బైకుకీ, పొలాల దారిన తిరిగే పని ఉంటే, పోయించవచ్చు. టైరుకి 250 నుంచి 300 మిల్లీలీటర్లు. కంప ముల్లు పంక్చర్లు ఇంచుమించు ఆగిపోయాయి. కారుకి వద్దు. బ్యాలెన్సింగ్ చెడుతుంది, టైరు విప్పినప్పుడు జిగురంతా కడగలేక షాపు కుర్రాడు పెట్టే మొహం చూడలేం. ఏడాదిన్నరకి ఆరి పిడచ కడుతుంది, అప్పుడు తీయించాల్సిందే.

ముల్లూ లేదు, మేకూ లేదు, వారానికి నాలుగు పాయింట్లు దిగుతోందంటే రిమ్ము చూడండి. కొత్తపట్నం, మైపాడు, కృష్ణపట్నం వైపు ఉప్పు గాలికి ఇనుప రిమ్ము అంచు తుప్పు పట్టి పొట్టు లేస్తుంది, టైరు అంచుకీ దానికీ మధ్య వెంట్రుకంత సందు పడుతుంది. సబ్బు నీళ్ళు పోస్తే పెద్ద బుడగలు రావు, అంచు వెంబడి సన్నటి నురగ, పాలు పొంగే ముందు గిన్నె అంచున కట్టినట్టు కడుతుంది. టైరు దించి, వైరు బ్రష్షుతో మెరిసే దాకా గీకి, బీడ్ సీలర్ (టైరు అంచుకి పూసే జిగురు) రాసి ఎక్కిస్తే తగ్గుతుంది. గ్రీజు రాస్తామంటే ఒప్పుకోవద్దు, రబ్బరుని తినేస్తుంది.

కొనేటప్పుడు పక్కగోడ మీద నాలుగంకెల తయారీ తేదీ మొదట చదవండి. 2325 అంటే 2025లో 23వ వారం. ఆరు నెలల లోపుది ఇవ్వమనండి. ఏడాది దాటితే ధర తగ్గించమని అడగండి, రెండేళ్ళు దాటితే వద్దనండి. సైజు పక్కన 85టీ అని ఉంటే 85 అంటే ఒక్కో టైరు 515 కిలోలు మోస్తుంది, టీ అంటే గంటకి 190 కిలోమీటర్ల వరకు. కంపెనీ ఇచ్చిన అంకె కన్నా తక్కువది తీసుకోవద్దు. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. బిల్లులో ఆ వరస చూసుకోండి.

వెడల్పు పెంచాలని సరదా ఉంటే లెక్క వేసి పెంచండి. 165/80 ఆర్14 మొత్తం ఎత్తు 619.6 మి.మీ. 185/65 ఆర్15 ఎత్తు 621.5, అంటే రిమ్ము మార్చినా స్పీడోమీటరు తప్పు చూపించదు. 185/70 ఆర్14 అయితే 614.6, అదీ పర్వాలేదు. తేడా మూడు శాతం దాటకూడదు. బైకులకి మాత్రం పెంచకండి. సన్న రిమ్ము మీద లావు టైరు వేస్తే అంచులు లోపలికి నొక్కుకుని నడుమ గోపురంలా లేస్తుంది, రోడ్డుకి ఆనే చోటు పెరగదు సరికదా తగ్గుతుంది.

బిగించేటప్పుడు బాణం గుర్తు తిరిగే వైపు ఉందా, పసుపు చుక్క వాల్వు పక్కకి వచ్చిందా, కారుకి వాల్వు కొత్తది వేశారా, ఈ మూడూ చూడండి. రెండే కొంటే కొత్తవి వెనక్కి వెయ్యమనండి. షాపులో ముందుకే వేస్తామంటారు. తడి రోడ్డు మీద ముందు చక్రాలు జారితే బండి తిన్నగా పోతుంది, వేగం తగ్గిస్తే దారికొస్తుంది. వెనకవి జారితే గిర్రున తిరుగుతుంది. కొత్త టైరు మీద నునుపు పోయే దాకా, రెండు వందల కిలోమీటర్లు, బైకుని వంచకండి.

మార్చే కాలం గురించి మన జిల్లాలకి వేరే లెక్క ఉంది. వాన మనకి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కొడుతుంది. చట్టం ప్రకారం బటన్ల లోతు కార్లకి 1.6 మి.మీ., రెండు చక్రాల బళ్ళకి 0.8 మి.మీ. వరకు నడపవచ్చు. కానీ లారీలు నడిచి నడిచి ఎడమ లేనులో గాడి పడ్డ చోట నిలిచిన నీళ్ళలో లోతు రెండున్నర మిల్లీమీటర్ల కన్నా తగ్గిన కారు టైరు ఎనభై వేగానికే తేలుతుంది, స్టీరింగు ఒక్కసారి దూదిలా తేలికవుతుంది. అరిగిన టైరు సెప్టెంబరులో మార్చండి. అరగకపోయినా పక్కగోడ బీటలిచ్చిన పాత టైరు మార్చిలో మార్చండి, అది ఎండకి పోయేది.

జారే చోట్లు వేరే ఉన్నాయి, ఏ టైరూ కాపాడదు. నాట్లప్పుడు దమ్ము చక్రాల ట్రాక్టర్లు రోడ్డెక్కి వదిలిన బంకమట్టి, చీమకుర్తి దారిలో వాన తుంపరకి తడిసిన గ్రానైటు పొడి, కోతలప్పుడు రోడ్డు మీద ఆరబోసిన వడ్లు. వడ్ల మీద ముందు బ్రేకు పట్టుకుంటే గోలీకాయల మీద కాలు పెట్టినట్టే. ఎప్పుడూ తిన్నటి హైవే మీదే తిరిగిన బైకు వెనక టైరు మధ్యలో పలకగా అరుగుతుంది. ఆ బండితో దోర్నాల నుంచి శ్రీశైలం ఘాటు ఎక్కితే ప్రతి మలుపులోనూ పలక అంచు మీంచి దబుక్కున పడ్డట్టుంటుంది. ఘాటు ప్రయాణం ఉంటే లోతు కాదు, ఆ గుండ్రం చూసుకోండి.

ఇక హెల్మెట్. 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ ముద్ర లేని హెల్మెట్ అమ్మడమే నేరం. అయినా హైవే పక్క గుడారాల్లో ముద్ర స్టిక్కర్లు విడిగా అంటించి అమ్ముతున్నారు. ముద్ర మీద ఐఎస్ 4151 అని ఉండాలి, కింద సీఎం/ఎల్ అని లైసెన్సు నంబరు ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే కంపెనీ పేరు రావాలి. రాకపోతే అది ప్లాస్టిక్ టోపీ.

సైజుకి కనుబొమ్మల పైన అంగుళం ఎత్తులో టేపు చుట్టండి. 58 సెంటీమీటర్లయితే ఎక్కువ కంపెనీల్లో ఎం. కొత్తది బుగ్గలు నొక్కాలి, మాట కొంచెం ముద్దగా రావాలి. మూడు వారాల్లో అదే సర్దుకుంటుంది. షాపులోనే హాయిగా ఉన్నది ఆర్నెల్లకి వదులైపోతుంది. పట్టీ బిగించుకుని, వెనక నుంచి అడుగు అంచు పట్టుకుని పైకీ ముందుకీ ఎత్తమని పక్కవాళ్ళకి చెప్పండి. తల మీంచి ఊడొస్తే ఎంత ఖరీదుదైనా మీది కాదు.

మన తలకి నూనె ఉంటుంది కాబట్టి లోపలి మెత్త విడిగా వచ్చే రకమే కొనండి. కొబ్బరినూనె తాగిన మెత్త ఏడాదికి చితికి సగమవుతుంది, అక్కడి నుంచి హెల్మెట్ వదులు. షాంపూ నీళ్ళలో ఇరవై రోజులకోసారి ముంచి నీడన ఆరెయ్యాలి. చేతిరుమాలు నాలుగు మడతలు పెట్టి కింద వేసుకోవద్దు, పల్చటి నూలు టోపీ చాలు. ఆడవాళ్ళకి కొప్పు మీద హెల్మెట్ నిలవదు, ముందుకి వాలి కళ్ళకి అడ్డం వస్తుంది. జడ మెడ కిందికి వదిలి పెట్టుకోవాలి. టక్కున పడే ప్లాస్టిక్ పట్టీ పళ్ళు రెండున్నరేళ్ళకి అరిగి లాగితే జారాయి. రెండు ఉంగరాల పట్టీ ఆరేళ్ళయినా అలాగే ఉంది.

హెల్మెట్‌ని అద్దానికి తగిలించకండి, లోపలి థర్మోకోల్‌కి అద్దం మొన గుంట పెడుతుంది, ఆ గుంట దగ్గర దెబ్బ ఆగదు. గట్టిగా పడ్డదాన్ని మళ్ళీ వాడకండి. సాయంత్రం మడుల పక్కన విజర్ (ముఖం ముందుండే తెర) నిండా పురుగులే. పొడి గుడ్డతో తుడిస్తే గీతలే, తడిగుడ్డ అయిదు నిమిషాలు పరిచి తీస్తే ఊడొస్తాయి. నల్ల విజర్ రాత్రికి పనికిరాదు.

జాకెట్ వాడేవాళ్ళకి మన ఎండల్లో వలగుడ్డదే గతి. నలభై వేగం దాటితే ఓర్చుకోవచ్చు, రైలు గేటు పడ్డప్పుడు మాత్రం పొయ్యే. మోచేతి, భుజం పలకల మీద ఈఎన్ 1621-1 అని (యూరప్ భద్రతా ప్రమాణం) అచ్చు ఉండాలి. వీపు జేబు తెరిచి చూడండి, చాలావాటిలో అక్కడ ఉత్త స్పాంజి ముక్క ఉంటుంది. దాని బదులు ఈఎన్ 1621-2 పలక కొని వేయాలి. పిల్లల సంగతి: నాలుగేళ్ళ లోపు పిల్లల్ని రెండు చక్రాల బండి ఎక్కిస్తే హెల్మెట్, నడిపేవాళ్ళకి కట్టే బెల్టు తప్పనిసరి, వేగం నలభై దాటకూడదు. 2023 ఫిబ్రవరి 15 నుంచి అమల్లో ఉన్న నియమం. అందం కోసం చీర గార్డు విప్పించే వాళ్ళకి ఏం చెప్పాలో తెలీదు. చున్నీ ఒక్క చుట్టు చక్రంలో పడితే చాలు.

కారులో ముందు ఇనుప గార్డు వేయించుకోకండి, గేదె తగిలినా గోడ తగిలినా గుద్దుడు దెబ్బను తినాల్సిన భాగాల్ని అది దాటించేసి ఎయిర్‌బ్యాగు సమయాన్ని తప్పిస్తుంది. సీటు పక్కన ఎయిర్‌బ్యాగు ఉన్న కారుకి, అది చీల్చుకుని బయటికొచ్చే కుట్టుని మూసే సీటు కవరు వద్దు. స్టెప్నీకి మాత్రం చెప్పిన దాని కన్నా అయిదు పాయింట్లు ఎక్కువ కొట్టి ఉంచండి, డిక్కీలో దాన్ని తలచేవాడు ఉండడు. బండితో వచ్చే పొట్టి స్పానరుతో షాపు వాడు మిషనుతో బిగించిన నట్లు ఊడవు. గట్టిది, పొడుగు చేతిది ఒకటి వేరేగా కొని, ఇంటి ముందే ఒకసారి అయిదు చక్రాలూ విప్పి బిగించి చూడండి. విప్పిన చక్రం నట్లు ఎదురెదురుగా బిగించి, యాభై కిలోమీటర్లు నడిచాక మళ్ళీ ఒకసారి బిగించాలి.