జూలైలో మంచు లోయ నడక: అబిస్కో దగ్గర ట్రోల్‌షోన్ గైడెడ్ హైక్ ఎలా ఉందంటే

ముందే ఒక మాట చెప్పేస్తా. ట్రోల్‌షోన్ నీళ్ళు చూడాలనే వెళ్ళేవాళ్ళు జూలై మొదటివారంలో వెళ్ళకండి. స్వీడన్‌లో బాగా తేటగా ఉండే సరస్సుల్లో అదొకటి, లోతు 36 మీటర్లయితే 34 మీటర్ల దాకా కిందకి కనబడుతుందని ఎక్కడ చదివినా అదే రాసుంటుంది, మేం కూడా ఆ ఫోటోలు చూసే బుక్ చేశాం, తీరా పైకెళ్ళాక చూస్తే సరస్సు చాలావరకు ఇంకా గడ్డకట్టే ఉంది. అయినా సరే ఈ హైక్‌కి ఐదుకి నాలుగున్నర ఇస్తున్నా, మనస్ఫూర్తిగానే ఇస్తున్నా. ఆ అర ఎందుకు తగ్గించానో కింద రాస్తా, అది సరస్సు వల్ల మాత్రం కాదు.

ఎక్కడంటే స్వీడన్ ఉత్తరం కొసన, అబిస్కో అనే చిన్న ఊరు దగ్గర. ఆర్కిటిక్ సర్కిల్ దాటాక ఇంకా దాదాపు 200 కిలోమీటర్లు పైకెళ్ళాలి. స్టాక్‌హోమ్‌లో రాత్రి రైలెక్కితే కిరునా మీదుగా మర్నాడు దిగుతాం, ఇదే పట్టాల మీద కిరునా ఇనుప ఖనిజం నార్వేలోని నార్విక్ రేవుకి పోతుంది, 1903లో మొదలైన లైను. మే చివర్నుంచి జూలై మధ్యదాకా అక్కడ సూర్యుడు అస్తమించడు, అందుకని చీకటి పడుతుందేమో అనే తొందర ఎవరికీ లేదు, ఈ ట్రిప్‌లో నాకు బాగా నచ్చిన వాటిలో అదొకటి. గైడు కూడా గడియారం చూసి తరమలేదు.

నేనూ మా అక్కా వెళ్ళాం. మొత్తం గుంపు ఎనిమిదిమంది, ఒక గైడు. కంపెనీ పేరు రాయట్లేదు, ఎందుకంటే నా ఫిర్యాదు వాళ్ళ ఆఫీసు మీద, గైడు మీద కాదు, పేరు రాస్తే ఇద్దరికీ కలిపి తగులుతుంది. ఆ ఫిర్యాదు ఏంటంటే, బుక్ చేశాక వచ్చిన మెయిల్‌లో "మామూలు హైకింగ్ షూస్ చాలు, దారి సులువు" అని రాశారు, మంచు అనే మాటే లేదు. జూలై కదా అని అందరం అలాగే వచ్చాం. ఒకాయనైతే రన్నింగ్ షూస్‌లో వచ్చాడు, పాపం ఆయన తప్పేం లేదు, మెయిల్ చదివి ఎవరైనా అలాగే వస్తారు. గైడు అందరి కాళ్ళూ చూసి ఏం అనకుండా వ్యాన్ వెనక తలుపు తీసి, ప్యాంటు మీద మోకాలి కింద దాకా కట్టుకునే గేటర్స్ ఒక సంచీ నిండా ఉంటే అవి పంచింది, ఆయనకి సైజు సరిపోయే బూట్లు వెతికి ఇచ్చింది. అంటే ఆవిడకి ఇది ప్రతీసారీ జరిగే పనే అన్నమాట. మరి ఆఫీసులో కూర్చుని మెయిల్ పంపేవాళ్ళకి ఎందుకు తెలియలేదు? అర మార్కు పోయింది అక్కడే.

అబిస్కో నుంచి ఈ10 రోడ్డు మీద పడమటికి వ్యాన్‌లో కాసేపటి ప్రయాణం, లోక్తాచోక్కా రైల్వే స్టాప్ దగ్గర దిగి నడక మొదలు. రైల్లో కూడా రావచ్చు కానీ రోజుకి కొద్ది రైళ్ళే, తిరిగొచ్చేది తప్పిపోతే రోడ్డు పక్కన కూర్చోవాలి. ఇక్కడ గైడు చెప్పిన ఒక విషయం నాకు చాలా ఆశ్చర్యమనిపించింది. అబిస్కోలో సంవత్సరానికి పడేది 300 మిల్లీమీటర్ల చిల్లరేనట, స్వీడన్‌లోనే బాగా తక్కువ వానపడే చోట్లలో ఒకటి, ఎందుకంటే అట్లాంటిక్ నుంచి నార్వే మీదుగా వచ్చే మబ్బులన్నీ పడమటి కొండల మీదే ఖాళీ అయిపోతాయి. మనం ఇరవై కిలోమీటర్లు పడమటికి జరిగామంటే ఆ మబ్బులు ఖాళీ అయ్యే వైపుకి జరిగినట్టే. అందుకే ఊళ్ళో నేల ఆరిపోయి పూలు పూస్తుంటే ఇక్కడ లోయలో మనిషెత్తు మంచు మేటలు వేసి ఉంటుంది. హోటల్ కిటికీలోంచి చూసి రేపటి హైక్ ఎలా ఉంటుందో అంచనా వేసుకోకండి, నేను వేసుకుని తప్పాను.

మొదటి అరగంట పొట్టి బిర్చ్ చెట్లు, బురద, దోమలు. దోమల గురించి ఎంత చెప్పినా తక్కువే, నిలబడితే మొహమంతా కమ్ముతాయి, తలకి వేసుకునే వల తప్పకుండా తీసుకెళ్ళండి. చెట్లు అయిపోగానే గాలి తగిలి దోమలు పోతాయి, అప్పుడు లోయ ఒక్కసారిగా తెరుచుకుంటుంది. కార్కెవాగ్గె అంటారు దాన్ని, అక్కడి ఆదివాసులైన సామీల భాషలో వాగ్గె అంటే లోయ, యౌరె అంటే సరస్సు, ట్రోల్‌షోన్‌కి సామీ పేరు రిస్సాయౌరె, ఈ రెండు మాటలు తెలిస్తే అక్కడి మ్యాపు సగం అర్థమైపోతుంది. లోయ అడుగున ఇళ్ళంత బండలు, నిజంగానే ఇళ్ళంత, పై గోడల నుంచి విరిగి దొర్లి ఒకదాని మీద ఒకటి పడున్నాయి. వాటి మధ్యలోంచి వాగు ఎక్కడో కింద పోతుంటుంది, చప్పుడు వినిపిస్తుంది గానీ నీళ్ళు కనబడవు. గోడల మీద కొన్నిచోట్ల తుప్పు రంగు చారలు, కొన్నిచోట్ల సున్నం కొట్టినట్టు తెల్లటి పూత. రాతిలో పైరైట్ అనే ఇనుమూ గంధకమూ కలిసిన ఖనిజం ఉంది, గాలీ నీళ్ళూ తగిలితే అది ఆమ్లంగా మారి రాతిని కొద్దికొద్దిగా తినేస్తుంది, ఆ రంగులన్నీ దానివే అని గైడు చెప్పింది. ఇంకోటి కూడా చెప్పింది, 1950లలో ఆండర్స్ రాప్ అనే స్వీడిష్ భూగోళ శాస్త్రవేత్త ఏళ్ళ తరబడి ఈ ఒక్క లోయకే వచ్చి, ఏ రాయి ఎంత జారింది, ఎంత మట్టి కిందకొచ్చింది అని కొలుచుకుంటూ పోయారట. చివరికి తేలిందేంటంటే ఈ కొండల్ని అన్నిటికంటే ఎక్కువగా అరగదీసేది రాళ్ళు పడ్డం కాదు, మంచు జారడమూ కాదు, నీళ్ళలో కరిగి కంటికి కనబడకుండా పోయే లవణాలు. అంత పెద్ద బండల మధ్య నిలబడి ఈ మాట వింటుంటే నాకు ఒళ్ళు జలదరించింది, చేతిలో ఉన్న బాటిల్‌లో నీళ్ళు అదే వాగువి, కొండే కాస్త కరిగి నా బాటిల్లోకి వచ్చింది కదా అనిపించింది. అన్నట్టు నీళ్ళు మోసుకెళ్ళక్కర్లేదు, మేం దారిపొడుగునా పారే నీళ్ళే తాగాం, చల్లగా పళ్ళు జివ్వుమంటాయి.

ఇక అసలు మంచు సంగతి. ఈ రివ్యూ రాయడానికి కారణం కూడా ఇదే.

సగం దూరం వచ్చాక వాగుకి అడ్డంగా ఒక పెద్ద మంచు పలక, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి చక్కగా పరిచినట్టుంది. దాని మీద అడుగుల గుర్తులు కూడా ఉన్నాయి, ఎవరో ఆమధ్య నడిచారు. దాటితే రెండు నిమిషాల పని. గైడు మమ్మల్ని ఆపి తను ఒక్కతే అంచుదాకా వెళ్ళి, వంగి చాలాసేపు విన్నది, పోల్‌తో నాలుగైదు చోట్ల గుచ్చింది, వెనక్కొచ్చి "ఇటు కాదు" అంది. అంతే, పైకి బండల మీదుగా చుట్టు తిరిగి పోవాలి. ముప్పావుగంట పట్టింది ఆ చుట్టు, చేతులు కూడా వాడాల్సొచ్చింది, గుంపులో ఇద్దరు గట్టిగానే గొణిగారు, మా అక్కయితే "ఏమే, అడుగులు కనబడుతూనే ఉన్నాయి కదే, మనల్ని ఊరికే తిప్పుతోందేమో" అంది. నాకూ అలాగే అనిపించింది, కాదనను.

అవతలి ఒడ్డు మీదకి దిగాక గైడు వెనక్కి తిరిగి చూడమంది. కింద వైపు నుంచి చూస్తే ఆ మంచు పలక నడిమధ్యలో జానెడు మందం కూడా లేదు. అడుగున అంతా గుహలాగా తొలిచేసుంది, దాని కింద వాగు నురగలు కక్కుతూ పోతోంది. పైనుంచి చూస్తే తెల్లగా, గట్టిగా, నిన్న ఎలా ఉందో అలాగే ఉంటుంది, కరిగేదంతా అడుగునుంచి కరుగుతుంది. పడితే లోతు మునుగుతామని కాదు, ఆ నీళ్ళు మనిషిని మంచు కిందకి లాక్కుపోతాయి, అదీ భయం. ఎవ్వరూ మాట్లాడలేదు. అక్క నా చెయ్యి పట్టుకుని వదల్లేదు కాసేపు.

అప్పుడు ఆవిడ నెమ్మదిగా చెప్పింది. మధ్యలో కాస్త కుంగినట్టున్నా, బూడిదరంగు గీత కనబడినా కాలు పెట్టొద్దు. కింద నీళ్ళ చప్పుడు వినబడుతోందంటే కింద బోలు. మంచులోంచి బండ తల పైకి కనబడితే దాని పక్కన అసలు అడుగెయ్యొద్దు, ఎండకి రాయి వేడెక్కి చుట్టూ మంచు కరిగి గొయ్యి అయి ఉంటుంది, పైన పొర మాత్రమే మిగులుతుంది, కాలు తొడదాకా దిగిపోయి మోకాలు విరుగుతుంది. పాత అడుగులు చూసి నమ్మొద్దు, అవి మొన్నటివి, మంచు ఇవాళ్టిది. ఇంకో ముఖ్యమైన విషయం, కర్రల మీద కనబడే ఎర్ర క్రాస్ గుర్తులు శీతాకాలం దారివి, స్కీలకీ స్నోమొబైల్స్‌కీ, అవి బురదల మీదుగా సరస్సుల మీదుగా కూడా పోతాయి, ఎండాకాలంలో వాటి వెంట పోకూడదు. రాళ్ళ మీద వేసిన ఎర్ర రంగు చుక్కలూ, పేర్చిన రాళ్ళ గుట్టలూ చూసుకుని నడవాలి.

దారి చూపించడానికైతే ఇక్కడ గైడు అక్కర్లేదు, లోయ ఒకటే, తప్పిపోయేంత ఏం లేదు. నేను డబ్బు కట్టింది ఆ ఒక్క "ఇటు కాదు" కోసం. వెయ్యి క్రోనాలు దాటిన టికెట్, బుక్ చేసేటప్పుడు ఎక్కువనిపించింది, ఆ పలక అడుగు చూశాక మాత్రం ఇంకా ఎక్కువున్నా ఇచ్చేదాన్ని.

భయపడే మంచే కాదు, హాయిగా నడిచే మంచు కూడా చాలా ఉంది. వాగుకి దూరంగా వాలు మీద పరుచుకున్న మేటల మీద వరసగా, మడమ గట్టిగా దించుకుంటూ నడవడం నేర్పింది, పది నిమిషాల్లో అలవాటైపోయింది. కొన్నిచోట్ల మంచు లేత గులాబీ రంగులో ఉంది, మంచులోనే బతికే నాచు అట అది. నల్ల కళ్ళద్దాలు లేకపోతే కళ్ళు మండిపోతాయి, ఎండ కిందనుంచి కూడా కొడుతుంది, మర్నాటికి నా గడ్డం కింద చర్మం ఊడింది, క్రీమ్ అక్కడ కూడా రాసుకోండి.

ఒక మేట మీద పదిహేను దాకా రెయిన్‌డీర్లు కదలకుండా నిలబడున్నాయి. దోమలూ ఈగలూ మంచు మీదకి అంతగా రావు, అందుకని వేసవిలో అవి వచ్చి ఇలా చల్లగా నిలబడతాయి. చూడ్డానికి అడవి జంతువుల్లా ఉంటాయి గానీ స్వీడన్‌లో ప్రతి రెయిన్‌డీర్‌కీ యజమాని ఉంటాడు, సామీ వాళ్ళ మందలు అవి. బెదిరిస్తే మంచు దిగి దోమల్లోకి పరిగెడతాయి, మేత మేయవు, దూడలు నీరసిస్తాయి, అందుకని గైడు మమ్మల్ని కూర్చోబెట్టేసింది. ఇరవై నిమిషాలు ఊరికే కూర్చున్నాం. అవి వాటంతట అవే కదిలాకే లేచాం. ఫోటో కోసం దగ్గరికి తీసుకెళ్ళే గైడుని నేను ఇంకోచోట చూశాను, ఈవిడ ఆ పని చెయ్యలేదు, అందుకు వేరే మార్కులు ఇవ్వాలి.

సరస్సు 815 మీటర్ల ఎత్తులో, ఆఖరి గుట్ట ఎక్కితే గానీ కనబడదు. అంచు వెంబడి రెండు మూడు గజాల మేర నీళ్ళు, మిగతాదంతా మంచుగడ్డ, కరిగిన చోట్ల ఆకాశం నీలం కంటే ముదురు నీలం. ఆ కాస్త నీళ్ళలోనే అడుగున గులకరాళ్ళు ఒక్కోటీ లెక్కపెట్టేలా ఉన్నాయి. గడ్డ పలకలు ఒడ్డుకి ఒరుసుకుంటూ గాజుల్లాగా చప్పుడు చేస్తున్నాయి, మా అక్క కళ్ళు మూసుకుని అది వింటూ కూర్చుంది. అక్కడే తిన్నాం, కంపెనీ ఇచ్చిన సూప్ వేడిగా ఉంది, బ్రెడ్డు మామూలే, శాకాహారం ముందే చెబితే ఇస్తారు.

దిగేటప్పుడు ఒకటి గమనించాం, పొద్దున రాయి మీంచి రాయి మీదకి అడుగేసుకుంటూ దాటిన పిల్లవాగు సాయంత్రానికి రాళ్ళు మునిగేంత అయ్యింది, పగలంతా కరిగిన మంచు అప్పటికి కిందకొస్తుంది కదా. ఆవిడ అది ముందే లెక్కేసుకుని ఇంకొంచెం పైన వెడల్పుగా పారే చోట దాటించింది, బూట్లు తడిశాయి అంతే. రెండో జత సాక్సులు సంచిలో పెట్టుకోండి, ఉన్ని అయితే ఇంకా మంచిది.

పోనూ రానూ పది పన్నెండు కిలోమీటర్లు, నాలుగొందల మీటర్ల ఎక్కుడు, మాకు ఎనిమిది గంటలు పట్టింది. రోజూ కాస్త నడిచే అలవాటున్న వాళ్ళు ఎవరైనా చెయ్యొచ్చు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఆ బండలు కష్టం. దారిలో టాయ్‌లెట్లు లేవు, లోయ లోపలికి పోయేకొద్దీ మా ఫోన్లకి సిగ్నల్ పోయింది. సొంతంగా వెళ్ళాలనుకుంటే మంచు చాలావరకు పోయాక, ఆగస్టులో వెళ్ళండి, ఆ తేటనీళ్ళు కూడా అప్పుడే పూర్తిగా కనబడతాయి. జూన్ ఆఖరు, జూలై మొదట్లో అయితే మంచు తెలిసినవాళ్ళు లేకుండా వద్దు, దయచేసి.

అక్క ఆగస్టు చివర్లో మళ్ళీ వెళ్దామంటోంది, ఆ 34 మీటర్ల లోతు చూడాల్సిందేనట. అప్పటికి ఇద్దరమే వెళ్ళినా ఫర్వాలేదు గానీ, ఆవిడ గైడుగా ఉన్న తేదీ ఏదో కనుక్కుని దానికే బుక్ చేద్దామన్నాను.